సారవ్వ చెట్లు, ఆగయ్య తానాలు

మీరు సారవ్వను కలిసి తీరాలి. ఎప్పుడో వీలు చూసుకుని కాదు, ఈ ఎండాకాలంలోనే కలవాలి. గోదావరిఖనిలో బస్సు దిగి, ఎదురుగా కనబడిన ఎవరినైనా సరే "సారవ్వ లైను ఎటు?" అని అడగండి. కంపెనీ కాగితాల్లో ఆ వరుస ఇళ్లకు ఏదో నంబరుంది. ఆ నంబరు చెప్తే పోస్ట్‌మాన్ కూడా బుర్ర గోక్కుంటాడు. సారవ్వ లైను అన్నారంటే మాత్రం రిక్షా తొక్కే మనిషి ఆగకుండానే చెయ్యెత్తి దారి చూపిస్తాడు.

మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. ఆ వేళకు కాలనీ మొత్తం సిమెంటు రేకుల కింద ఉడికిపోతుంటుంది, వీధిలో కుక్క కూడా కనబడదు. ఆ ఒక్క లైను ముందు మాత్రం ఐదు చెట్లు, వాటి కింద పదీ పన్నెండు నులకమంచాలు, మంచాల మీద రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మగవాళ్లు ఒళ్లు తెలియకుండా నిద్రపోతూ ఉంటారు. మీ చెప్పుల చప్పుడు వినబడగానే ఒక గడపలోంచి పొడుగ్గా, సన్నగా ఉన్న ఒకావిడ మూతి మీద వేలు పెట్టుకుని బయటికొస్తుంది.

"మెల్లగ నడువుండ్రి. మనుషులు పండుకున్నరు, కనవడ్తలేదా?" అని గుసగుసగానే గద్దిస్తుంది.

ఆమే సారవ్వ. మీరేమీ నొచ్చుకోకండి. గాజులమ్మే మనిషినైనా, ఆఫీసు నుంచి వచ్చిన పెద్ద సారునైనా ఆమె ఆ మాటే అంటుంది.

ఇంత నీడ ఆ చోట ఎలా వచ్చిందో తెలియాలంటే పన్నెండేళ్లు వెనక్కి, అరవై నాలుగుకు వెళ్లాలి. సారవ్వది జైపూర్ దగ్గర గోదావరి ఒడ్డున ఒక పల్లె. పెనిమిటి ఆగయ్యకు బాయిలో పని దొరికితే వెంట వచ్చింది. అక్కడ గనిని బాయి అంటారు. బాయిలో బొగ్గును తట్టలకెత్తి, పట్టాల మీద నడిచే ఇనుప తొట్లలో నింపే పని ఆగయ్యది. రెండేళ్లు గుడిసెలో ఉన్నాక అరవై నాలుగులో కంపెనీ క్వార్టరు వచ్చింది. ఒక గది, ఒక వంటిల్లు, పైన రేకులు. అలాంటివి పది ఒకదానికొకటి ఆనుకుని ఒక లైను. రెండు లైన్లకు కలిపి ఒక్క నీళ్ల నల్లా. స్నానానికి గది లేదు. ఆడవాళ్లు వంటింటి మూలలో చీర అడ్డం కట్టుకునేవాళ్లు. మగవాళ్లు ఇంటి ముందు ఒక బండ వేసుకుని, నలుగురూ చూస్తుండగానే ఒంటి మీది బొగ్గు వదిలించుకునేవాళ్లు.

క్వార్టరులో సామాను దించిన రోజే సారవ్వ బయటికొచ్చి అటూ ఇటూ చూసింది. కంటికి ఆనినంత దూరం ఒక్క చెట్టు లేదు. బాయిలోంచి తీసిన నల్లటి రాయీ మట్టీ పరిచి చదును చేసిన నేల అది.

"గిదేం ఊరే? కాకి వాలేందుకు కొమ్మ లేదు" అంది.

పక్క క్వార్టరు ఎలిజబెత్ పకపకా నవ్వింది. వాళ్లది కొత్తగూడెం. తాతల కాలం నుంచీ బాయి పనే. భర్త యిర్మియా గనిలో పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే పనివాడు.

"బొగ్గు భూమిల చెట్టు యాడ మొలుస్తది చెల్లే? మా తాత నాటిండు, మా నాయిన నాటిండు. ఒక్కటి బతికిందా? నువ్వు నాటు, నువ్వూ చూస్తవ్" అంది.

సారవ్వ నాటింది. పుట్టింటి నుంచి మూడు మొక్కలు తెచ్చి పెట్టింది. పల్లెలో ఆమె తల్లి ఏ మొక్కకైనా పొయ్యిలో బూడిద తెచ్చి మొదట్లో పోసేది, మొక్క నవనవలాడుతూ లేచేది. సారవ్వ కూడా రోజూ పొద్దున పొయ్యి ఎత్తి, గంపెడు బూడిద తీసుకుపోయి, చంటిపిల్లకు పాలు పట్టినంత ప్రేమగా పోసింది. మొదట ఆకుల అంచులు మాడాయి. ఇంకా బలం కావాలేమో అనుకుని ఇంకో గంప పోసింది. పదిహేను రోజులకు మూడూ పోయాయి. మళ్లీ తెచ్చింది, మళ్లీ పోసింది, మళ్లీ పోయాయి. ఎలిజబెత్ మాత్రం చచ్చిన మొక్కను పీకుతున్నప్పుడు గడపలో నిలబడి కళ్లెగరేసేది.

అరవై ఐదు వానాకాలంలో ఆగయ్య స్నానం చేసే బండ పక్కన ఒక వేప మొలక లేచింది. ఎవరూ నాటింది కాదు, ఏ పిట్ట వేసిందో. సారవ్వ ప్రాణం లేచొచ్చింది. వెంటనే గంపెడు బూడిద ఎత్తుకుని బయల్దేరింది. సగం దూరం పోయిందో లేదో, "నల్లా వచ్చింది" అని లైనులో కేక వినబడింది. నల్లా వచ్చిందంటే బూడిదా లేదు, మొక్కా లేదు. గంప అక్కడే కుమ్మరించి బిందె కోసం పరుగెత్తింది.

ఆ తర్వాత తన చంటిపిల్లకు జ్వరమొచ్చి నాలుగు రోజులు దవాఖాన చుట్టూ తిరగడంతో బూడిద సంగతే మరిచిపోయింది. ఐదో రోజున చూస్తే, బండ పక్కన వేప మొలక జానెడైంది. బూడిద కుమ్మరించిన చోట తనంతట తాను మొలిచి పచ్చగా ఉన్న తోటకూర మాత్రం కాలినట్టు నల్లబడి ఒరిగింది.

సారవ్వ ఆ రెంటి మధ్య గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. అమ్మ పోసింది కట్టెల బూడిద. తను పోసింది బొగ్గు బూడిద. ఇన్ని మొక్కల్నీ తన చేత్తోనే చంపుకుంది! తనే కాదు, ఎలిజబెత్ తాతా తండ్రీ చేసిందీ ఇదే అయి ఉంటుంది. పల్లెల నుంచి వచ్చిన వాళ్లెవరికైనా బూడిద అంటే బూడిదే కదా.

ఆమె లేచి నేరుగా పక్కింటికి వెళ్లింది.

"అక్కా, మీ తాత మొక్కకు ఏం పోసేటోడు?"

"ఏం పోస్తరే? బూడిద."

"అగో, గదే చంపింది. భూమి కాదు."

ఎలిజబెత్ చేతిలోని చాట కింద పెట్టి, బయటికొచ్చి, తోటకూరను చూసింది, వేప మొలకను చూసింది. మొదటిసారి కళ్లెగరేయలేదు.

బూడిద సంగతి తేలింది. మరి నీళ్ల సంగతి? నల్లా పొద్దున గంట, సాయంత్రం గంట. తాగడానికీ వండటానికీ తెచ్చుకున్న నీళ్లు మొక్కకు పోస్తే ఏ ఇంట్లోనైనా తిట్లు తప్పవు. కానీ మగవాళ్లు షిఫ్టు దిగి వచ్చాక ఒంటి మీద పోసుకునే నీళ్లు ఎటూ మట్టిలోకి పోయేవే. వేప మొలక బతికింది ఆ నీళ్ల మీదే. సారవ్వకు దారి దొరికింది. మరుసటి వారమే ఎలిజబెత్ గడప ముందు ఒక కానుగ మొక్క పెట్టి, చుట్టూ కంప నాటింది.

ఆ సాయంత్రం ఆగయ్య షిఫ్టు దిగి వచ్చాడు. కళ్లూ పళ్లూ తప్ప తక్కినదంతా నలుపు. ఇంటి ముందు బండ లేదు.

"బండేదే?"

"అగో, గక్కడ."

"గక్కడికెందుకు పోయింది?"

"కానుగ మొక్క పెట్టిన. దానికి నీళ్లు గావాలె."

"దానికి నీళ్లు గావాలంటె నేను వోయి పక్కోళ్ల ఇంటి ముంగట తానం చెయ్యాల్నా?"

"పక్కోళ్లెవరు? యిర్మియన్ననే గద. జల్ది వో, నీళ్లు సల్లారుతున్నయ్."

ఆగయ్య బొక్కెన పట్టుకుని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆ రోజు మొదలు బండ ఒక చోట నిలిచింది లేదు. సోమవారం వేప దగ్గర, మంగళవారం కానుగ దగ్గర. ఆ తర్వాత నేరేడు వచ్చింది, జామ వచ్చింది, లైను చివర ఇంకో వేప వచ్చింది. ఆగయ్య రోజూ బాయి నుంచి వస్తూ ముందు బండ ఎక్కడుందో వెతుక్కునేవాడు. యిర్మియా వదిలేవాడా?

"తమ్మీ, ఇయ్యాల ఏ ఊర్ల నీ తానం?"

"నీ ఇంటి ముంగటనే అన్నా. వీపు రుద్దుతవా?"

ఒకసారి సారవ్వ అన్న పల్లె నుంచి చెల్లెల్ని చూడటానికి వచ్చి, ఆగయ్య ఇల్లు ఏదని లైను మొదట్లో అడిగాడు. "ఇల్లు తర్వాత, ముందుగాల మనిషిని చూడు. గా జామ మొక్క కాడ సబ్బు పెట్టుకుంటున్నడు" అని చెప్పారు. బావమరిది ఎదురుగా నిలబడి ఉంటే, ముఖం నిండా నురగతో ఆగయ్య "ఎప్పుడొచ్చినవ్ బావా?" అని పలకరించాల్సి వచ్చింది. ఆ రాత్రి సారవ్వతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం నేరేడు దగ్గరికి తనే బండ దొర్లించుకుపోయాడు.

ఐదు మొక్కలకు ఒక్క మగమనిషి స్నానం ఏ మూలకు? చలికాలం వచ్చేసరికి సారవ్వ ఇంకో ఎత్తు వేసింది. బొగ్గుకు కొదవ లేదు. ఇంటి ముందు పెద్ద డేగిస పెట్టి, షిఫ్టు దిగే వేళకు నీళ్లు సలసలా కాచి ఉంచింది.

"నీళ్లు మీయి, కాకపెట్టుడు నాది. తానం మాత్రం నేను చెప్పిన కాడ చెయ్యాలె" అని లైనంతా చాటింది.

మొదట యిర్మియా వచ్చాడు. రెండో రోజు ఇంకో ఇద్దరు. సంక్రాంతి దాటకముందే లైనులో సగంమంది మగవాళ్లు బొక్కెనలు పట్టుకుని "వదినె, నాది ఇయ్యాల ఏ చెట్టు?" అని అడిగే రోజులొచ్చాయి. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని, డ్యూటీలు వేసే సారులా చెప్పేది. "నువ్వు జామకు వో. సబ్బు జర తక్కువ పెట్టుకో, దానికి పడ్తలేదు. నువ్వు కొసకు వో, నిన్న ఎగ్గొట్టినవ్."

నీళ్లతోనే అయిపోలేదు. ఆకుల మీద రోజూ బొగ్గు పొడి పేరుకునేది. సారవ్వ తడిగుడ్డ తీసుకుని, చిన్నపిల్లల ముఖం తుడిచినట్టు ఒక్కో ఆకూ తుడిచేది. ఎలిజబెత్ చర్చికి పోతూ ఆగి, "పౌడరు గూడ రాయరాదె?" అని ఏడిపించేది. అన్న మనిషే, ఆదివారం సాయంత్రం తన ఇంటి ముందరి కానుగ ఆకుల్ని పాత లంగా గుడ్డతో తుడుస్తూ కనబడింది.

ఇంకో గండం పొయ్యిలకు కావాల్సిన బొగ్గు. అక్కడి ఇళ్లలో పచ్చి బొగ్గుతో వండరు, పొగ భరించలేరు. ఇంటి ముందు కుప్ప పోసి, నిప్పు పెట్టి, పొగంతా పోయేదాకా కాల్చి, నీళ్లు చల్లి ఆర్పి, ఆ కాలిన బొగ్గును పొయ్యిలో వాడతారు. ఆ సెగ తగిలితే ఏ మొక్కా బతకదు. సారవ్వ ఇంటింటికీ తిరిగి, కొందరి గడ్డం పట్టుకుని, ఇంకొందరితో జుట్టుజుట్టు పట్టుకున్నంత పని చేసి, కుప్పలన్నీ లైను దాటి అవతల బోడినేల మీద కాల్చేలా ఒప్పించింది. అంత దూరం మోయడం ఎవరికి సరదా? తిట్టుకుంటూనే మోశారు. ఆమె కూడా మోసింది.

డెబ్బై నాటికి చెట్లు రేకులు దాటాయి. ఆ ఎండాకాలంలో ఒకరోజు యిర్మియా రాత్రి షిఫ్టు నుంచి వచ్చి గడప మీద కూలబడ్డాడు. వారం రోజులుగా పగలు కంటి మీద కునుకు లేదు. రేకుల కింద పండుకుంటే పెనం మీద పండుకున్నట్టే. ఆ రాత్రి బాయిలో దుంగ నిలబెడుతూ నిలబడే నిద్రపోయాడట. పక్కనున్నవాడు భుజం పట్టి లాగకపోతే దుంగ మీద పడేది. సారవ్వ లోపలి నుంచి మంచం ఈడ్చుకొచ్చి వేప కింద వేసింది.

"అన్నా, ఈడ ఒరుగు."

ఆ మంచం మీద యిర్మియా ఐదు గంటలు కదలకుండా నిద్రపోయాడు. ఎలిజబెత్ కొంగుతో ఈగలు తోలుతూ పక్కనే కూర్చుంది. మర్నాడు ఇంకో మంచం వచ్చింది, వారం తిరిగేసరికి ఆరయ్యాయి. అప్పటి నుంచే సారవ్వ మూతి మీద వేలు పెట్టుకోవడం మొదలైంది. గోలీలాడే పిల్లల్ని తరిమింది. ఐసు బండి గంట కొట్టకుండా పోవాలని ఒప్పందం చేసుకుంది. ఆ నీడలో వరుసగా పండుకున్న మనుషుల్ని చూసినప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా లేచేదంటే అందులో తప్పేముంది?

ఇక అసలు పరీక్ష డెబ్బై నాలుగు ఎండాకాలంలో వచ్చింది. ఆఫీసులో క్వార్టర్లు చూసే క్లర్కు లింగమూర్తి కబురు చేశాడు. కొత్త కాలనీలో రెండు గదుల ఇళ్లు తయారయ్యాయి. సర్వీసు ప్రకారం ఆగయ్య పేరు పైకి వచ్చింది. శనివారం పొద్దున పదింటికి వచ్చి సంతకం చేయాలి. వద్దంటే పేరు పట్టీలో అన్నిటికన్నా కిందికి పోతుంది, మళ్లీ పైకి రావడానికి ఇంకో పదేళ్లు పడుతుంది.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఇల్లు చూసి రావడానికి వెళ్లారు. వంటింట్లో నల్లా. వెనక మరుగుదొడ్డి. దాని పక్కన స్నానాల గది. ఆగయ్య అందులోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఎంతసేపటికీ బయటికి రాడు. సారవ్వ తలుపు తట్టింది.

"ఏం జేస్తున్నవయ్యా లోపల?"

"ఏం లేదే. ఊకె నిలవడ్డ" అన్నాడు లోపలి నుంచి. తర్వాత తలుపు తీసి, పెళ్లిలో కొత్త బట్టలు చూపించే పిల్లాడిలా, "సారవ్వా, దీనికి గొళ్లెం ఉన్నదే" అన్నాడు.

సారవ్వ ఆ గొళ్లెం వేసి తీసి చూసింది. తొమ్మిదేళ్లు నవ్వులాటల మధ్య బొక్కెన మోసుకు తిరిగిన మనిషి ఒక్కనాడూ నోరు తెరిచి అడగనిది ఇదా! ఆమె మాత్రం తక్కువ ఆశపడిందా? వంటింట్లో నల్లా తిప్పి, నీళ్లు ఇంకా రాకపోయినా, దాని కింద చెయ్యి పెట్టి చూసుకుంది.

బుధవారం నాడు పోశం వచ్చాడు. వాళ్లు ఖాళీ చేస్తే ఆ పాత క్వార్టరు అతనికే రావాలి. మర్యాద తెలిసిన మనిషి. ఇల్లంతా చూసి, బయట నిలబడి తలెత్తి చెట్లు చూశాడు.

"మస్తు పెంచినవ్ వదినె. గీ ముంగటి రెండు కొట్టేపిస్త. మాకు బొగ్గు కాల్చుకునే జాగైతది."

"మేము గా అవుతల కాలుస్తం గద."

"మేము ఎనమండుగురం. మాకు కుప్ప పెద్దగ గావాలె. రోజూ గంత దూరం ఎవరు మోస్తరు?"

ఆ రెండే అన్నిటికంటే పెద్దవి. వేప, నేరేడు. సారవ్వ చెయ్యి వేప మొదలు మీదికి పోయింది. ఏమంటుంది? ఇల్లు అతనిదవుతుంది, ముందరి జాగ అతనిదవుతుంది. అతను చెడ్డవాడూ కాదు, అడుగుతున్నదీ అందరూ చేసేదే. ఆ కుప్ప పొగ పక్క చెట్లనూ వదలదు.

ఆ సాయంత్రం ఆగయ్య అన్నం ముందు కూర్చున్నాక చెప్పింది. అతను కంచం పక్కకు జరిపాడు.

"అంటె? ఇల్లొద్దంటవా?"

"నేనేం అనలే. పోశం చెప్పింది చెప్తున్న."

"తొమ్మిదేండ్లయితంది సారవ్వా. లోకమంతా చూస్తుండంగ తానం చేపిచ్చినవ్. చేసిన. మీ అన్న ముంగట ఇజ్జత్ పోయింది. ఊకున్న. ఒక్క గొళ్లెం తలుపు గావాలన్నా నా చెట్లు నా చెట్లంటవా?"

"నాకు నల్లా వద్దా?" సారవ్వ గొంతు కూడా లేచింది. "పొద్దుగాల బిందె వట్టుకోని లైన్ల నిలవడేది నువ్వా, నేనా? నిన్న గా నల్లా కింద చెయ్యి వెట్టి చూసుకున్న, ఎరుకేనా నీకు?"

ఆగయ్య తగ్గాడు. "మరింకేంది?"

"పోశం పొగ వెడితె యిర్మియన్న యాడ పండుకుంటడు? నిద్ర లేకుంట బాయిల దిగితె ఏమైతది? రేపు నీకు రాత్రి షిఫ్టు వడ్తె, గా కొత్తింట్ల రేకుల కింద నువ్వు పండుకుంటవా?"

అతను కంచం మళ్లీ ముందుకు లాక్కుని తిన్నాడు గానీ, చెయ్యి కడుక్కుంటూ, "నాకు తలుపు గావాలె" అన్నాడు. అంతే.

సారవ్వ ఆ మాట పట్టుకుంది. గురువారమంతా తాటాకులు సంపాదించడం, శుక్రవారం పొద్దున్నుంచీ ఎలిజబెత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తడకలు అల్లడం. మనిషెత్తు తడకలు నాలుగు. నాలుగో దాన్ని తలుపులా తెరుచుకునేటట్టు కట్టింది. బజారుకు పోయి ఒక ఇనుప గొళ్లెం కొనుక్కొచ్చి, చెక్కముక్క అడ్డం పెట్టి బిగించింది.

"తడుకకు గొళ్లెమా?" ఎలిజబెత్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "లోకంల ఎవరన్న విన్నరా?"

"ఇప్పుడు వింటరు."

ఆగయ్య షిఫ్టు దిగి వచ్చేసరికి జామ కింద బండ, బండ చుట్టూ తాటాకు గది, లైను మొత్తం గడపల్లో. అతను బొక్కెన పట్టుకుని ఆ గది చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గిది రేపు వేప కాడికి గూడ నడుస్తదా?"

"నడుస్తది. ఇద్దరు వట్టుకుంటె చాలు."

యిర్మియా ఊరుకుంటాడా? "ఆగయ్య బంగ్లకు కాళ్లొచ్చినయ్ రా!" అని అరిచాడు. ఆగయ్య లోపలికి పోయి తడక మూసుకున్నాడు. లోపల ఇనుము గీరుకున్న చప్పుడు.

"గొళ్లెం పడ్తలేదే!"

"జరంత ఎత్తి వెట్టు."

టక్కుమని పడింది. ఆ తర్వాత చాలాసేపు నీళ్ల చప్పుడు. సారవ్వ బయట నిలబడి కొంగు అంచు నలుపుతూ ఉంది. లోపలి నుంచి చివరికి ఆగయ్య గొంతు వచ్చింది. "రేపు ఆఫీసుకు నువ్వు గూడ రా. నేనొక్కన్నే పోతె లింగమూర్తి సారు నన్ను పిచ్చోడంటడు. ఇద్దరం పోతె ఇద్దర్నంటడు."

శనివారం పదింటికి లింగమూర్తి కాగితం ముందుకు జరిపాడు. ఆగయ్య ముట్టుకోలేదు.

"మాకొద్దు సార్."

"ఏందీ?"

"ఇల్లొద్దు సార్. చెట్లున్నయ్."

లింగమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "చెట్లు ఆడ గూడ నాటుకోవచ్చు గదనయ్యా?"

"నాటుకోవచ్చు సార్. తొమ్మిదేండ్లు వడ్తది."

క్లర్కు అతన్ని వదిలి, గుమ్మం దగ్గర నిలబడిన సారవ్వ వైపు తిరిగాడు. ఈ మాట ఆమె నోటితోనే వినాలనుకున్నాడేమో. "అమ్మా, నువ్వు చెప్పు. పేరు కిందికి పోతది. పదేండ్లు. నీకు ఇంట్ల నల్లా వద్దా?"

సారవ్వకు కొత్త వంటిల్లు కళ్ల ముందుకు వచ్చింది. రేపు పొద్దున, ఎల్లుండి పొద్దున, ఇంకో పదేళ్ల పొద్దులు బిందె చంకన పెట్టుకుని నిలబడాల్సిన లైను కూడా కనబడింది. కావాలి అంటే అయిపోతుంది. ఆగయ్య ఏమీ అనడు, ఎవరూ ఏమీ అనరు.

"వద్దు సార్. కొట్టేయుండ్రి" అంది.

లింగమూర్తి ఎర్ర సిరాతో గీత కొట్టి, పట్టీలో కింది పేరు చదివాడు. "తర్వాత... యిర్మియా. మీ పక్కిల్లేనా?"

ఇది మాత్రం సారవ్వ అనుకోలేదు. పదేళ్లుగా గోడ అవతలి నుంచి వినబడుతున్న ఆ నవ్వు వెళ్లిపోతుందని ఆమెకు తట్టలేదు.

కబురు తెలిసి ఎలిజబెత్ ఉరికొచ్చింది. "నేను పోను. నువ్వు ఒదిలేసిన ఇంట్లకు నేనెట్ల పోత? నేనూ వద్దని చెప్పొస్త."

"నోర్మూసుకొని పోవే అక్కా" అంది సారవ్వ. కన్నీళ్లు కారుతున్నా గద్దింపు మాత్రం తగ్గలేదు. "నల్లా ఒద్దనే పిచ్చి లైనుకు ఒక్కదానికి చాలు."

ఎలిజబెత్ వెళ్లింది. నెల తర్వాత సారవ్వను పిలిచి ఇల్లు చూపించింది. నల్లా తిప్పితే ధారగా నీళ్లు. సారవ్వ తిప్పింది, కట్టింది, మళ్లీ తిప్పింది. ఇష్టంగా ముఖం కడుక్కుంది. తిరిగొస్తూ ఆమెకు బాధ కలగలేదని చెప్తే అబద్ధం. ఆ వారం నల్లా లైనులో నిలబడిన ప్రతిసారీ ఆమె మనసు కొత్త కాలనీకే పోయేది.

కానీ యిర్మియాకు రాత్రి షిఫ్టు పడిన వారం చూడాలి. షిఫ్టు దిగి, సొంతింట్లో స్నానం చేసి, అన్నం తిని, చాప చుట్టి చంకన పెట్టుకుని, మైలు దూరం నడిచి వేప కిందికి వచ్చేవాడు. "చెల్లే, నా జాగ ఉన్నదా?" అని అడిగేవాడు. ఉండేది. ఎవరు వచ్చినా ఆ జాగ సారవ్వ ఇవ్వలేదు. యిర్మియా ఖాళీ చేసిన ఇంట్లోకి వేరే కుటుంబం వచ్చింది, పోశానికి తర్వాత వేరే లైనులో క్వార్టరు దొరికింది. వాళ్లింట్లో ఒకాయన కూడా ఇప్పుడు పగటి నిద్రకు ఇక్కడికే వస్తున్నాడు. వచ్చినవాడు సారవ్వ మాట విని నెమ్మదిగా నడవడం నేర్చుకున్నాడు.

ఇదంతా జరిగి రెండేళ్లయింది. ఆఫీసు పట్టీలో ఆగయ్య పేరు ఇంకా కిందే ఉంది. సారవ్వ ఇంకా పొద్దున్నే బిందెతో నిలబడుతూనే ఉంది. ఎవరైనా "పిచ్చి పని చేస్తివి గద సారవ్వా" అంటే, ఆమె చెట్ల కిందికి వాళ్లను తీసుకుపోయి, మంచాలన్నీ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపిస్తుంది. నోటితో చెప్పదు, నిద్రపోతున్నవాళ్లు లేస్తారని.

ఇప్పుడు మీరు చెప్పండి. ఎదురుగా కాగితం, క్లర్కు చేతిలో ఎర్ర సిరా కలం. ఒకవైపు ఇంట్లో నల్లా, మీ మనిషికి గొళ్లెమున్న తలుపు. ఇంకోవైపు ఎవరి పేరు మీదా లేని నీడ. "ఇంట్ల నల్లా వద్దా?" అని లింగమూర్తి మిమ్మల్ని అడిగి ఉంటే, మీరైతే ఏం చేసేవారు?